లాయరు ఫీజు ఎవరి సొమ్ము?

ఈమధ్య గోరంట్లలో ఒక సమావేశంలో శెనక్కాయ సేద్యం చేసే ఓ రైతు మహిళ నన్నడిగింది: "అక్కా, మా మహిళా ట్రస్టులో నన్ను ట్రస్టీగా ఉండమంటున్నారు. రేపు ట్రస్టు స్థలం మీద ఎవరన్నా కేసు వేస్తే, లాయరు ఫీజుకి నా రెండెకరాల చేను అమ్ముకోవాల్నా?"

అక్కర్లేదు. ట్రస్టు ఆస్తిని కాపాడడానికి సక్రమంగా పెట్టిన ఖర్చును ట్రస్టీ ఆ ఆస్తి నుంచే తీసుకోవచ్చని 1882 నాటి భారత ట్రస్టుల చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం ప్రైవేటు ట్రస్టులకే అయినా, ఇలాంటి సూత్రాలను కోర్టులు ధార్మిక ట్రస్టులకూ వర్తింపజేశాయి. ఈ రక్షణ లేకపోతే ట్రస్టు బోర్డుల్లో డబ్బున్న మగవాళ్ళే మిగులుతారు. కరువు సీమలో కూలీనాలీ చేసుకునే ఆడవాళ్ళు ఆ గడప తొక్కలేరు.

అయితే 'సక్రమంగా' అన్న మాట మరవకూడదు. ట్రస్టీ తన తప్పును కప్పిపుచ్చుకోవడానికి చేసిన ఖర్చు ట్రస్టుది కాదు. నేనెరిగిన ఒక సంస్థలో, లెక్కలడిగిన ఆడవాళ్ళ మీద వాళ్ళ పేరున వచ్చిన నిధులతోనే కేసు నడిపారు! పబ్లిక్ ట్రస్టులో ఇలా జరిగితే, దానితో సంబంధమున్న ఇద్దరు కలిసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. లెక్కలు చూపమనీ, ట్రస్టీని తొలగించమనీ కోరవచ్చు.

కనుక కేసుకి ముందే తీర్మానం రాసుకుందాం. ప్రతి రసీదూ దాచుకుందాం.

ఆమెతో ఒకటే అన్నాను: "ట్రస్టీగా ఉండమ్మా. లెక్కల పుస్తకం మాత్రం ఇంకొకరి చేతికి వదలొద్దు."