స్టాక్‌హోము పురమందిరము

విదేశయాత్రలు చేయు ఆంధ్రుల సంఖ్య నానాటికి హెచ్చుచున్నది. స్వీడను దేశమునకు బోయినవారిలో స్టాక్‌హోము పురమందిరమును జూడక మరలువా రరుదు. అది తప్పక చూడదగినదే. అయితే అందు ముఖ్యముగా జూడవలసిన దేమి?

మేలరు సరస్సు నొడ్డున, 1878లో దగ్ధమైన పిండిమర యుండిన తావున, రాగ్నార్ ఓస్ట్‌బెర్గ్ అను వాస్తుశిల్పి దీనిని నిర్మించెను. 1911లో మొదలైన పనికి దాదాపు ఎనుబదిలక్షల యిటుకలు పట్టినవి. గోపురము 106 మీటర్ల యెత్తు. శిఖరమున మూడు కిరీటములు మెరయుచుండును. నీలశాలలో నీలము లేదు. ఇటుకల యెఱుపునకు ముగ్ధుడై శిల్పి రంగు వేయుట మానుకొనెను. పేరు మాత్రము నిలిచినది. నోబెలు బహుమానముల విందు అచ్చటనే జరుగును. సువర్ణశాల గోడలు కోటి యెనుబదిలక్షల గాజు, బంగారు పలుకులతో మెరయుచున్నవి.

యాత్రికులు వీనిని జూచి యబ్బురపడుదురు. మా దృష్టిలో అంతకు మిన్నయైనది ప్రారంభోత్సవము జరిగిన దినము. గుస్తావు వాసా డేనుల యధికారమును గూలద్రోసి 1523లో స్టాక్‌హోమున బ్రవేశించెను. దానికి నన్నూరేండ్లు నిండిన సందర్భమున, 1923 జూను 23వ తేదీని, ఈ మందిరమును దెరచిరి. స్వాతంత్ర్యస్మృతికి ముడిపెట్టినది రాజప్రాసాదమును గాదు, పౌరుల సభాగృహమును! నూటయొక్కరు ప్రతినిధు లచ్చట గూడి నగరపు ఆదాయవ్యయములను నిర్ణయింతురు. సామాన్యులు పైయంతస్తున గూర్చుండి యా చర్చలను వినవచ్చును. వెలుపలి తోటలో నీటియొడ్డున గూర్చుండుటకు రుసుము లేదు. ఆ సభయు ఆ తీరమును పౌరులవే.

పరదేశమున జూచినది స్వదేశమును గొలుచుటకు ఉపయోగపడవలెను. విశాఖపట్టణమునకు సుందరమైన సాగరతీర మున్నది, మహానగరపాలక సంస్థయు నున్నది. పాలకవర్గముల గడువు ఐదేండ్లనియు, అది ముగియకమునుపే ఎన్నికలు జరుపవలెననియు 1992 నాటి 74వ రాజ్యాంగసవరణము శాసించుచున్నది. అయినను 2012లో గడువు ముగిసినపిదప 2021 వరకు అచ్చట ఎన్నికలు జరుగలేదు. తొమ్మిదేండ్లపాటు ప్రతినిధులు లేకయే నగరము పాలింపబడినది! ఆ కాలమున తీరమున దీపములు వెలుగకపోలేదు. కాని, ఏ దీప మెచ్చట వెలుగవలెనో చెప్పు హక్కు పౌరునకు లేకపోయెను.

తీరమును సింగారించుట ధనముండిన సాధ్యమగును. సభను నిలుపుకొనుటకు పౌరుల పట్టుదల కావలెను. పురపాలక ఎన్నికలు ఒక్కదినమైనను గడువు దాటరాదని మన పట్టణవాసులు పార్టీభేదము లేక కోరవలెను. స్టాక్‌హోము జూచివచ్చినవారు బంగారుగోడలను వర్ణించినంత యుత్సాహముతో ఆ నూటయొక్క ఆసనముల మాటయు మనవారికి జెప్పుదురు గాక!