సేవాభావం బస్తీ ఆడవాళ్ల దగ్గరే వెతుకుతారేం?

పాతబస్తీలో ఒక ధర్మాసుపత్రి వాళ్లు బస్తీ ఆరోగ్య కార్యకర్తల కార్యక్రమం మొదలుపెడుతున్నామని మమ్మల్ని మీటింగుకి పిలిచారు. ఆలోచన మంచిదే. డాక్టరు తన గదిలో కూర్చుంటే గడప దాటని ఆడవాళ్ల జబ్బులు తెలియవు. కార్యకర్తలు చేయాల్సిన పనులు చదివారు. గర్భిణుల వివరాలు రాయాలి, పిల్లలకు టీకాలు వేయించాలి, బీపీ, షుగరు ఉన్నవాళ్లని కనిపెట్టాలి, టీబీ మందులు మింగుతున్నారో లేదో చూడాలి, కాన్పుకి పేట్లబుర్జు ఆసుపత్రి దాకా తోడు వెళ్లాలి. ఆ జాబితాకే గంట పట్టింది. చివర్లో మాలో ఒకామె "మరి వీళ్లకి జీతమెంత?" అని అడిగింది. నిర్వాహకుడు నొచ్చుకున్నాడు. "జీతమేంటమ్మా? బస్తీవాళ్లే కదా, సేవాభావంతో చేస్తారు. ఆటో ఖర్చులకి ఏదో ఇస్తాం" అన్నాడు.

ఆ మాటన్నాయన జీతం తీసుకుంటున్నాడు. డాక్టరు, నర్సు, మందులిచ్చే కుర్రాడు, గేటు దగ్గర వాచ్‌మన్ - అందరికీ నెలనెలా జీతాలున్నాయి. వాళ్లలో ఎవరికీ సేవాభావం లేదని ఎవరూ అనరు. జీతం తీసుకుంటే సేవాభావం చచ్చిపోతుందన్న భయం ఒక్క బస్తీ ఆడవాళ్ల విషయంలోనే ఎందుకు?

ఇది ఒక్క ఆసుపత్రి కథ కాదు. 1977 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం గ్రామాల్లో కమ్యూనిటీ హెల్త్ వర్కర్ పథకం పెట్టింది. నెలకి 50 రూపాయల గౌరవ వేతనం ఇచ్చింది. తర్వాత ఆ వర్కర్ వాలంటీర్ అయ్యాడు, ఆ తర్వాత హెల్త్ గైడ్ అయ్యాడు. పేర్లు మారాయి, జీతం మాత్రం రాలేదు. 1990లలో ప్రపంచ బ్యాంకు డబ్బుతో ఐ.పి.పి.-8 ప్రాజెక్టు హైదరాబాదు బస్తీలకు వచ్చినప్పుడు లింకు వాలంటీర్లు వచ్చారు. 2005లో ఆశాలు వచ్చారు. 2013లో పట్టణ ఆరోగ్య మిషన్‌తో నగరాలకూ ఆశాలు వచ్చారు. ఒక్కొక్కరికి 200 నుంచి 500 ఇళ్లు అప్పజెప్పమన్నారు. "ఆశా" అన్న ఇంగ్లీషు పేరును విడదీసి చూడండి. అందులో యాక్టివిస్టు ఉంది గానీ వర్కర్ లేదు. మనల్ని మనం యాక్టివిస్టులమని చెప్పుకుంటాం. మన మాటనే ఎత్తుకుపోయి జీతం ఎగ్గొట్టడానికి వాడుకున్నారు!

జీతం బదులు పనికింత అని లెక్కగట్టారు. కాన్పుకింత, టీకాకింత, కుటుంబ నియంత్రణ ఆపరేషనుకింత. ఇందులో ఉన్న ప్రమాదం డబ్బు తక్కువ కావటం ఒక్కటే కాదు. ఆపరేషనుకి తీసుకెళ్తేనే నాలుగు రూపాయలు చేతికొస్తాయంటే, ఆమె ఇంటికొచ్చేది ఎవరి తరఫున? 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో ఆడవాళ్లకు నెట్-ఎన్ ఇంజెక్షన్లు ఇవ్వబోయినప్పుడు అది ప్రయోగమని వాళ్లకు సరిగా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లి నిలదీశారు. 1986లో ఢిల్లీ సహేలీ తదితరులతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. ఇక 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజులో 34 మందికి ఆపరేషన్లు చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు. ఇలాంటివి జరిగినప్పుడు టార్గెట్లు పెట్టిన అధికారి బస్తీలో కనిపించడు. అక్కడ ముఖం చూపించాల్సింది పక్కింటి ఆడమనిషే.

పాతబస్తీలో ఇది మరీ బరువైన విషయం. తలాబ్‌కట్టాలోనో, హాఫిజ్‌బాబానగర్‌లోనో జర్దోజీ పని చేసుకునే ఇంట్లోకి, గాజులకు రాళ్లు అతికే గదిలోకి, పరదా వెనక్కి వెళ్లగలిగేది ఆ గల్లీ ఆడమనిషే. 2018లో బస్తీ దవాఖానాలు వచ్చి డాక్టరు దగ్గరయ్యాడు. అయినా గడప లోపలికి పోయేది ఆమే. 2019 చివర్లో పౌరసత్వ చట్టం వచ్చాక రిజిస్టరు పట్టుకుని తలుపు తట్టినవాళ్లని ముస్లిం బస్తీలు అనుమానంగా చూడటంలో వింతేముంది? అలాంటప్పుడు కూడా తలుపు తీయించేది ఆమె మీదున్న నమ్మకమే. మొగుడు కొట్టాడని, పదమూడేళ్ల పిల్లకి దుబాయి సంబంధం చూస్తున్నారని ముందుగా చెప్పేది కూడా ఆమెకే. ఆమె నోరు విప్పితే రేపు అదే గల్లీలో బతకాల్సింది ఆమే. ఈ నమ్మకాన్నీ, ఈ ప్రమాదాన్నీ ఆటో ఖర్చులకి కొనుక్కుందామనుకుంటున్నారు.

"మా దగ్గర డబ్బుల్లేవు" అంటారు. అయితే పదిమంది బదులు నలుగుర్ని పెట్టండి. స్కానింగు మిషను కొనేటప్పుడు దాని కంపెనీని సేవాభావం చూపమని అడిగారా? ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018 మార్గదర్శకాల్లో చెప్పింది: పనికి తగ్గ వేతనం ఇవ్వాలి, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ప్రధానంగా ఇన్సెంటివ్‌ల మీద ఆధారపడే పద్ధతి కూడదు. 2022లో అదే సంస్థ మన ఆశాలకు అవార్డిచ్చింది. అవార్డుకి చప్పట్లు కొట్టిన ప్రభుత్వాలు మార్గదర్శకాలు చదవలేదు. పాకిస్తాన్‌లో లేడీ హెల్త్ వర్కర్లు రోడ్డెక్కి, కోర్టుకెక్కి 2012లో రెగ్యులరైజేషన్ సాధించుకున్నారు. మన రాష్ట్రంలో ఆశాలు 2015లో వంద రోజులకు పైగా సమ్మె చేశారు. 2022 నాటికి 9,750 రూపాయలయ్యాయి. అది కూడా దయతో ఇచ్చింది కాదు, పోరాడి తెచ్చుకున్నది. 18,000 కోసం 2024 డిసెంబరులో కోఠిలో మళ్లీ రోడ్డు మీద కూర్చోవాల్సొచ్చింది.

ప్రభుత్వాన్ని తిట్టడం మనకు అలవాటే. మరి మన సంస్థల సంగతేమిటి? ఆశాల ధర్నాకి మద్దతు ప్రకటించి, ఆఫీసుకి తిరిగొచ్చి మన "వాలంటీర్ల"కు రెండు వేలు చేతిలో పెట్టి సంతకం తీసుకోవటం లేదా? ఇంట్లో ఆడవాళ్ల చాకిరీకి విలువ కట్టాలని వ్యాసాలు రాస్తాం. అదే చాకిరీని గుమ్మం దాటించి, మెళ్లో ఐడెంటిటీ కార్డు వేసి, సాధికారత అని రిపోర్టుల్లో రాసుకుంటున్నాం.

అందుకే ఆ మీటింగులో మేం చెప్పినది ఇక్కడా చెబుతున్నాం. నియామక పత్రం, కనీస వేతనానికి తగ్గకుండా నెల జీతం, సెలవులు, రానుపోను చార్జీలు విడిగా ఉండాలి. రోగుల్ని తెచ్చినందుకు తలకింత అన్న లెక్క ఉండకూడదు. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఆమెకీ వర్తించాలి. ఆమె హింస గురించి బయటపెట్టిన రోజున సంస్థ ఆమె పక్కన నిలబడాలి. కార్యక్రమం ఎలా నడవాలో తేల్చే చోట ఆమెకు కుర్చీ ఉండాలి, టీ కప్పులు అందించడానికి కాదు.

ఇవి ఇవ్వలేమంటే కార్యక్రమం మొదలుపెట్టకండి. ఆడవాళ్ల ఆరోగ్యం కోసం ఆడవాళ్లనే అరగదీసే పథకాలు ఇప్పటికే చాలా ఉన్నాయి.