గాజుమేడ నుండి వెండితెరకు

2017వ సంవత్సరమున స్టార్ మా టీవీలో, పోటీదారులు ఒక యింటఁ గలిసి వసించు బిగ్ బాస్ ప్రదర్శనము ఆరంభమైనది మొదలు, ఆ యింట కొన్ని వారములు నివసించి వెలువడినచో చలనచిత్రసీమ తమకుఁ దోరణములు కట్టునను నాశ మన యువజనులయందు నానాఁటికిఁ బ్రబలుచున్నది. అయితే తొలి విజేత శివబాలాజీ 2004లోనే ‘ఆర్య’లో నటించియుండెను, నాలుగవ విజేత అభిజిత్ 2012 నాటి ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’ నటుఁడు, మూడవ విజేత రాహుల్ సిప్లిగంజ్ 2023లో ఆస్కారు వేదికపై ‘నాటు నాటు’ పాడినది గానబలముచేతనే గాని గృహవాసఫలముగాఁ గాదు.

కెమెరాల నడుమ నలుగుట, ఏడ్చుట, వంటయింటఁ గలహించుట ప్రసిద్ధి నిచ్చును, కాదనను. కాని నటన యనునది స్వస్వభావమును మఱుగుపఱచి పరస్వభావమును ధరించు విద్య, ఈ ప్రదర్శనమో తన్నుఁ దానే విక్రయించుకొను సంత. మూఁడు నెలలు కోపిష్ఠిగాఁ జూచిన మనిషిని ప్రేక్షకుఁడు తెరపై సాధువుగా నమ్మునా?

దీనికంటె, కొందఱు మోటుహాస్యమని యీసడించు జబర్దస్త్ అను టీవీ హాస్యప్రదర్శనమే మేలని నా యభిప్రాయము (ఆ యీసడింపులో నాకును గొంత పాలున్నది). 2013 నుండి అచ్చట వారమువారము క్రొత్త వేషము కట్టి, నవ్వు పుట్టనినాఁడు సిగ్గుపడి, మఱల వ్రాసికొని నిలిచినవారిలో సుడిగాలి సుధీర్ కథానాయకుఁడయ్యెను, వేణు ‘బలగం’ చిత్రమును దీసెను.