యంత్రరాజులకు సభ లేదు

యుద్ధతంత్రపు ఆటలలో కంప్యూటరు నడిపే రాజులకు సైన్యం నడపడం చేతకాదని ఆటగాళ్ళు తరచూ ఫిర్యాదు చేస్తూ ఉంటారు. నా ఫిర్యాదు అది కాదు. సైన్యం సంగతి పోనీయండి. వారికి మాట ఇవ్వడం రాదు, మాట పుచ్చుకోవడం రాదు, బేరమాడడం అసలే రాదు. స్నేహమంటే ఒక అంకె, సంధి అంటే ఒక కొనుగోలు, వర్తకమంటే రెండు సిబ్బెల తూకం అని ఈ ఆటలు ముప్ఫయి ఏళ్ళకు పైగా పిల్లలకు నూరిపోస్తున్నవి. ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. సంధి, విగ్రహం అనే రెండు మాటలూ బడిలో వ్యాకరణం చెప్పిన మా బోటివారి సొత్తే కదా! ఆ పాటి అధికారం నాకున్నదనే నా నమ్మకం.

ముందుగా యంత్రం చేసే పని ఏమిటో చెప్పాలి. స్వీడన్ దేశపు పారడాక్స్ సంస్థ 2013లో విడుదల చేసిన 'యూరోపా యూనివర్సాలిస్ 4' అనే ఆటను తీసుకుందాం. 1444లో మొదలయ్యే ఆ ఆటలో విజయనగరం ఉన్నది, బహమనీలున్నారు, ఓఢ్ర గజపతులున్నారు. మా మనుమడు ఎప్పుడూ విజయనగరం పక్షమే. గడ్డిఅన్నారంలో మా ముందుగదిలో వాడి పక్కన కుర్చీ వేసుకుని ఎన్నో సాయంకాలాలు చూశాను. వాడు కళాశాలకు పోయిన వేళల్లో నేనూ ఆడాను. ఏ రాజుతోనైనా మైత్రి కోరదలచుకుంటే అతని పేరు దగ్గర బాణపుగుర్తు నిలిపితే చాలు, అతని హృదయం కోమటి చిట్టాలాగా విప్పుకుంటుంది. వివాహసంబంధానికి ఇంత కూడిక. సరిహద్దు తగాదాకు ఇంత తీసివేత. ఒకనాడు మనం చేసిన అవమానానికి మరింత తీసివేత. అది కూడా ఏటేటా కొంచెం కొంచెం కరిగిపోతుంది. మొత్తం సున్నకు పైన తేలితే ఆ రాజు ఒప్పుకుంటాడు, తేలకపోతే లేదు. అన్నింటికన్న విడ్డూరం, రాయబారి గుర్రమెక్కకముందే ఆ జవాబు తెర మీద కనబడడం!

జవాబు ముందే తెలిసిన చోట రాయబారి ఎందుకు?

భారతంలో ఉద్యోగపర్వం చదివినవారికి ఈ ప్రశ్న లోతు తెలుస్తుంది. కృష్ణుడు హస్తినకు పోయేనాటికి దుర్యోధనుడు ఇవ్వడని అందరికీ తెలుసు, కృష్ణుడికి మరీ బాగా తెలుసు. మన ఆట అయితే అక్కడ ఒక ఎర్రగుర్తు చూపించి రథాన్ని కదలనివ్వదు. అయినా ఆయన వెళ్ళాడు. ఆయన మాట్లాడింది దుర్యోధనుడితో మాత్రమే కాదు. భీష్ముడు వింటున్నాడు, ద్రోణుడు వింటున్నాడు, ధృతరాష్ట్రుడు వింటున్నాడు, సభలో కూర్చున్న రాజులూ ఋషులూ వింటున్నారు. అయిదూళ్ళు అడిగితే కూడా కాదన్నది ఎవరో లోకానికి తెలియాలి. రాయబారం ఇద్దరి మధ్య జరిగే వ్యవహారం కాదు. వినే మూడవవాడు ఉన్నప్పుడే దానికి అర్థం. యంత్రరాజులకు లేనిది ఆ మూడవవాడే. వారికి సభ లేదు. ఎవరి చిట్టా వారిది, ఎవరి కూడికలు వారివి.

ఈ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన స్వయంగా మంత్రి. నెల్లూరు మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకున్నప్పుడు ఆయన ఓరుగల్లుకు పోయి గణపతిదేవుణ్ణి సాయానికి ఒప్పించినట్లు సిద్ధేశ్వరచరిత్రము చెబుతుంది. రాయబారం ఎట్లా నడుస్తుందో తెలిసిన చేయి అది.

ఆ గణపతిదేవుడే ఇక వర్తకం సంగతికి సాక్షి. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో 1244 ప్రాంతంలో ఆయన వేయించిన అభయశాసనం ఉన్నది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల మీది బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తమూ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల దగ్గర నియమిత సుంకం తప్ప తాము మరేమీ తీసుకోమని గణపతిదేవుడు రాతి మీద రాయించాడు. ఆ సుంకం ముప్ఫయిలో ఒక వంతు. చేతికందిన సొమ్మును కాదనుకోవడం యంత్రం లెక్కలో కేవలం నష్టం. ఆ శాసనం ఏ ఒక్క వర్తకుడితోనూ కుదిరిన బేరం కాదు. ఇంకా బయలుదేరని ఓడలకు, ముఖం కూడా ఎరుగని వర్తకులకు ఇచ్చిన మాట. రాజు తన చేతులు తానే కట్టుకుని, ఆ కట్లను అందరికీ చూపించాడు. కాకతీయులు పోయిన తరువాత, 1358లో, కొండవీటి అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్ళీ శాసనం వేయించి, వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి ఇస్తామనీ, పోదలచినవారిని ఆపమనీ హామీ ఇచ్చాడు. వంశం మారినా రేవుకు మాట కావలసి వచ్చింది.

ఆటలో రేవులున్నవి, సుంకాలున్నవి. ఈ మాట ఒక్కటే లేదు. అమెరికాలో తయారైన 'సివిలైజేషన్ 6' అనే ఆటలో, 2016 నాటిది, ఆటగాళ్ళందరికీ తెలిసిన ఒక కిటుకు చూడండి. పొరుగురాజు దగ్గర పెద్దమొత్తం ఒక్కసారిగా పుచ్చుకుని, దానికి బదులు ముప్ఫయి విడతలలో కొంచెం కొంచెంగా చెల్లిస్తామని ఒప్పందం చేసుకుంటారు. రెండో విడత రాకముందే అతని మీద యుద్ధం ప్రకటిస్తారు. ఒప్పందం రద్దు, సొమ్ము మనది! యుద్ధం చేసినందుకు తక్కిన రాజులు కినుక వహిస్తారు గాని, ఎగవేసిన బాకీ మాట ఒక్కడూ ఎత్తడు. పైగా అదే మనిషి మరునాడు మరొక రాజు దగ్గర అదే బేరం పెట్టవచ్చు, వాడూ ఇస్తాడు.

మా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టులో ఈ విద్య రెండు రోజులు కూడా సాగి ఉండేది కాదు. ఆ మార్కెట్టును బాటసింగారానికి తరలించి, స్థలాన్ని ఆసుపత్రికి కేటాయించారు గాని, అంతకు ముందు చాలా ఏళ్ళు తెల్లవారుజామున ఆ వేలంపాటల కేకలు వింటూనే నడకకు వెళ్ళేవాణ్ణి. నల్లగొండ బత్తాయిల రాశి పక్కన నిలబడి పాట పాడే కమీషను ఏజెంటుకు తన ముందున్న రైతు ఒక్కడే కాదు, ఆ రైతు ఊరంతా కనబడుతుంది. ఒక్కడికి డబ్బు ఎగవేస్తే ఆ ఊరి లారీ మరుసటి వారం పక్క దుకాణం ముందు ఆగుతుంది. ఈ సంగతి తెలియడానికి కౌటిల్యుడు కానక్కరలేదు.

కౌటిల్యుడి పేరు వచ్చింది గనుక ఒక మాట. అదే 'సివిలైజేషన్ 6'కు 2018లో వచ్చిన అనుబంధంలో చంద్రగుప్తుడు ఉన్నాడు. అతని ప్రత్యేకశక్తికి 'అర్థశాస్త్రం' అని పేరు పెట్టారు. ఏమి చేస్తుంది ఆ అర్థశాస్త్రం? రాజ్యవిస్తరణ కోసం యుద్ధం ప్రకటించే వెసులుబాటు ఇస్తుంది, అంతే. సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం అని ఆరు గుణాలు చెప్పిన గ్రంథంలో అయిదున్నర గుణాలు దారిలో జారిపోయినవి. గాంధీ కథ మరీ వింత. మొదటి సివిలైజేషన్ ఆటలో గాంధీ కోపపు అంకె ఒకటి మాత్రమేననీ, అందులోంచి రెండు తీసివేస్తే లెక్క తిరగబడి 255 అయ్యిందనీ, అందుకే అణుబాంబులు వేసేవాడనీ ఒక కథ లోకమంతా తిరిగింది. అది నిజం కాదని ఆట రూపకర్త సిడ్ మైయర్ 2020లో తన ఆత్మకథలో తేల్చిచెప్పాడు. కథ అబద్ధమే కావచ్చు. మహాత్ముడి స్వభావం ఒక తీసివేతలో పొరపాటున మారిపోవడం అందరికీ సహజంగా తోచింది చూడండి, నా ఫిర్యాదంతా అక్కడే ఉన్నది.

"రాజులు కూడా లెక్కలే వేసుకున్నారు కదా, రామరాయలు చేసిందేమిటి?" అని మా మనుమడు ఒకనాడు నిలదీశాడు. మంచి ప్రశ్నే. అళియ రామరాయలు ఒక సుల్తానును మరొకరి మీదికి ఎగదోస్తూ ఇరవై ఏళ్ళు దక్కను రాజకీయాన్ని తన వేలి కొసన ఆడించాడు. ఆ రోజుల్లోనే అన్నకు భయపడి పారిపోయివచ్చిన గోలకొండ రాకుమారుడు ఇబ్రహీం ఏడేళ్ళు విజయనగరంలో ఆశ్రయం పొందాడు. 1550లో సింహాసనమెక్కి, తెలుగు కవులను ఆదరించి, మల్కిభరాముడని వారి చేత పిలిపించుకున్నవాడు ఆయనే. ఇక్కడి నుండి సాగర్ రోడ్డు వెంట పోతే వచ్చే ఇబ్రహీంపట్నం ఆయన పేరు మీద వెలసిందే. ఆ ఇబ్రహీం 1565 జనవరిలో రక్కసితంగడి దగ్గర రామరాయలకు ఎదురుగా నిలబడ్డాడు. ఆట అయితే దీన్ని చిటికెలో వివరిస్తుంది: ఆశ్రయం ఇచ్చినందుకు వచ్చిన అంకె పదిహేనేళ్ళలో కరిగిపోయిందని.

ఏమీ కరిగిపోలేదు. ఆ మధ్యకాలంలో పానగల్లు, ఘనపురం వంటి గోలకొండ కోటలను ఇబ్రహీం రామరాయలకు వదులుకోవలసి వచ్చింది. ఆశ్రయమిచ్చిన చేయే కోటలు గుంజుకోవడం తక్కిన సుల్తానులందరూ చూశారు. బిజాపురపు అలీ ఆదిల్‌షా, రామరాయలకు పుత్రశోకం కలిగినప్పుడు స్వయంగా విజయనగరానికి వెళ్ళి ఓదార్చినవాడు. తిరుగుప్రయాణంలో తనకు తగిన మర్యాద జరగలేదని నొచ్చుకున్నాడని ఫెరిస్తా రాశాడు. తరతరాల పగ ఉన్న అహమ్మదునగరంతో ఆయన రాజీపడిన పద్ధతి మరీ గొప్పది. హుసేన్ నిజాంషా కూతురు చాంద్‌బీబీని వివాహమాడాడు, రెండు రాజ్యాలూ కొట్టుకు చస్తున్న షోలాపురం కోట ఆమెకు అరణంగా వచ్చింది. తగవుకు మూలమైన వస్తువే పెళ్ళికానుక! ఓడిపోయానని ఎవరూ ఒప్పుకోనక్కరలేకుండా కోట చేయి మారింది. మన ఆటలో రాజవివాహమూ ఉన్నది, షోలాపురమూ ఉన్నది. ఆ రెండింటినీ ఒక పందిట్లోకి తెచ్చే ఊహ లేదు.

ఆటల రూపకర్తలకు ఒక సమాధానం ఉన్నది, దాన్ని దాటవేయను. 2005 నాటి 'సివిలైజేషన్ 4' ప్రధాన రూపకర్త సోరెన్ జాన్సన్ 2008లో ఒక ప్రసంగంలో, యంత్రం పని గెలవడం కాదు, మనిషికి వినోదం కలిగించి చివరకు అందంగా ఓడిపోవడం అన్నాడు. యంత్రరాజులందరూ ఏకమై ఆటగాడి మీద పడితే ఎవడు ఆడతాడని వారి వాదం. నిజమే, పెద్దవాడు పిల్లలతో చదరంగం ఆడేటప్పుడు ఒక ఏనుగును తీసి పక్కన పెడతాడు. కాని అబద్ధపు ఎత్తు నేర్పడు. మాట తప్పినవాడికి మళ్ళీ అప్పు పుట్టడం సాయం చేయడం కాదు, తప్పు పాఠం చెప్పడం.

ఇక యంత్రానికి ఇంతకుమించి చేతకాదనే సాకు 2022తో తీరిపోయింది. 'డిప్లమసీ' అని 1959లో అలన్ కాలమర్ ప్రచురించిన బల్లమీది ఆట ఒకటున్నది. ఏడు రాజ్యాలు, పాచికలు లేవు, అంతా మాటల మీదే నడుస్తుంది. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తయారుచేసిన సిసిరో అనే కృత్రిమ మేధ మనుషులతో నలభై ఆటలు ఆడి, ఒకటికి మించి ఆడినవారిలో పై పదిశాతంలో నిలిచింది. వాక్యాలు రాసి ఒప్పించింది, పొత్తులు కుదుర్చుకుంది. అది మోసం కూడా చేసిందని తరువాత కొందరు పరిశోధకులు ఎత్తిచూపారు. కావచ్చు. మోసం అనే మాట వాడవలసి వచ్చిందంటే అంతకుముందు అక్కడ నమ్మకమనేది పుట్టి ఉండాలి. అంకెల చిట్టాలో మోసానికి కూడా చోటు లేదు.

మరి రూపకర్తలు ఏ దారి పట్టారు? 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'సివిలైజేషన్ 7'లో రాజుల మధ్య బేరాల బల్లనే ఎత్తివేశారు. పలుకుబడి పాయింట్లు అని కొన్ని పోగవుతాయి; వాటిని ఖర్చు పెట్టి పనులు జరిపించుకోవాలి. రోగం కుదర్చలేక రోగిని ఇంటికి పంపారు. ఆ ఆటలో అశోకుడు ఉన్నాడు. కళింగయుద్ధం చేసి, దాని గురించి తన బాధను రాళ్ళ మీద చెక్కించి దారిన పోయేవారందరికీ చదివించిన రాజు. ఆయన శాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద నేటికీ ఉన్నవి. ఆట ఆయనను ఇద్దరుగా చీల్చింది. ఒకడు లోకాన్ని త్యజించినవాడట, మరొకడు లోకాన్ని జయించినవాడట. విడుదలనాడు ఆ రెండవ అశోకుడు కావాలంటే ఎక్కువ ధర పెట్టి పై తరగతి ప్రతిని కొనవలసి వచ్చింది.