స్టీరింగు పట్టకముందే సంతకం పెట్టొద్దు



పోయిన ఆదివారం పేటలో మీటింగు అయిపోయాక ఒక పిల్లవాడు నా వెనకే నడిచొచ్చాడు. నా దగ్గర ఏడో తరగతి దాకా చదివినవాడే. ఇరవై ఒకటి నిండింది. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, "సారూ, ఇది చదివి పెట్టండి. మీకు చూపించకుండా సంతకం పెట్టొద్దంది మా అమ్మ" అన్నాడు.

అది స్టాంపు కాగితం మీద రాసిన ఒప్పందం. ఒక లారీల ఓనరు ఇతనికి హెవీ లైసెన్సు ఖర్చంతా పెట్టుకుంటాడట. స్కూలు ఫీజు, బ్రోకరు ఖర్చు, ఆఫీసులో అయ్యేది, మొత్తం కలిపి నలభై వేలు. రెండు నెలల్లో లైసెన్సు చేతిలో పెడతానన్నాడు. బదులుగా మూడేళ్లు ఆ ఓనరు లారీయే తోలాలి, వేరే బండి ఎక్కకూడదు. లైసెన్సు కార్డు ఓనరు బీరువాలో ఉంటుంది. జీతం "ఓనరు ఇష్టప్రకారం". మధ్యలో మానేస్తే నలభై వేలూ నూటికి మూడు రూపాయల వడ్డీతో ఒక్కసారే కట్టాలి. కింద తండ్రి వేలిముద్రకు చోటు వదిలారు.

ఆ తండ్రి పదేళ్ల వయసులో ఒక ఆసామి దగ్గర పాలేరుగా కుదిరాడు. ఆయన తండ్రి చేసిన అప్పు కింద. అప్పుడు కాగితం లేదు, నోటిమాటే. ఇప్పుడు ఎద్దుల బదులు లారీ వచ్చింది, నోటిమాట బదులు స్టాంపు కాగితం వచ్చింది.

"ఓనరు సాయం చేస్తానంటే కాదనేదేంటి, మనోళ్ల దగ్గర డబ్బులున్నాయా?" అని మన నాయకులే కొందరు అంటున్నారు. ఆ మాటకు కోపంతో కాదు, లెక్కతో జవాబు చెప్పాలి.

ముందు చట్టం చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు, జీపు లాంటి తేలికపాటి బండి లైసెన్సు తీసుకుని ఏడాది నిండితేనే లారీకి ఎల్.ఎల్.ఆర్. ఇస్తారు. వయసు ఇరవై నిండాలి. మన పిల్లవాడి దగ్గర ఉన్నది మోటారు సైకిలు లైసెన్సు ఒక్కటే. మరి రెండు నెలల్లో హెవీ ఎలా వస్తుంది? ఓనరు అబద్ధమన్నా చెబుతుండాలి, దొంగ లైసెన్సన్నా చేయిస్తుండాలి. దొంగ లైసెన్సుతో రోడ్డెక్కి ఎవరినైనా గుద్దితే జైలుకు పోయేది ఎవరు? కాగితం మీద ఓనరు పేరు ఉండదు కదా.

ఎనిమిదో తరగతి పాసు కాలేదని కూడా బ్రోకర్లు మనవాళ్ల దగ్గర గుంజుతున్నారు. ఆ నిబంధన 2019లోనే తీసేశారు. దాని పేరు చెప్పి ఎవడికీ పైసా ఇవ్వొద్దు.

ఇక డబ్బు. 2016 ఆఖరులో కేంద్రం పెట్టిన రుసుముల ప్రకారం ఎల్.ఎల్.ఆర్.కు 150, డ్రైవింగు టెస్టుకు 300, లైసెన్సుకు 200, ఉన్న లైసెన్సులో కొత్త తరగతి బండి చేర్చడానికి 500 రూపాయలు. దీని మీద రాష్ట్రం సర్వీసు చార్జీ కొంత. అంటే సర్కారుకు కట్టేది వందల్లోనే ఉంది. వేలల్లో పోయేది డ్రైవింగు స్కూలుకు, మధ్యలో బ్రోకరుకు. స్కూలు ఫీజు తప్పదు, ఎందుకంటే లారీ లైసెన్సుకు గుర్తింపు ఉన్న స్కూలు ఇచ్చే ఫారం 5 కావాలి. రూలు ప్రకారం ఆ శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, బండి తోలేది 15 గంటలకు తగ్గకూడదు. ఫీజు కట్టే ముందు ఈ రెండు అంకెలూ స్కూలువాణ్ణి అడగండి. నీళ్లు నమిలితే బయటికి వచ్చేయండి.

అందుకే నేనా పిల్లవాడికి చెప్పింది: నీకు నలభై వేలు ఇవాళ అవసరమే లేదు. ఇవాళ కావాల్సింది కారు లైసెన్సు ఖర్చు. అది మిరపకోతల డబ్బుల్లో వెళ్లిపోతుంది. ఆ లైసెన్సుతో 7,500 కిలోల లోపు సరుకు బండి తోలొచ్చని, దానికి వేరే ముద్ర అక్కర్లేదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి తేల్చింది. టాటా ఏస్, బొలెరో ట్రక్కు, పాల వ్యాను ఆ బరువు లోపలివే. చట్టం ఆగమన్న ఏడాదీ చిన్న బండి తోలు. నెలకింత చీటీ కట్టు. చెయ్యి తిరుగుతుంది, హెవీ ఫీజూ పోగవుతుంది. ఆలస్యమే. కానీ ఒక ఏడాది ఆలస్యం మూడేళ్ల పాలేరుతనం కంటే ఎక్కువా?

క్లీనరుగా ఎక్కితే ఫీజు లేకుండా నేర్చుకోవచ్చు కదా అంటారు పెద్దవాళ్లు. మా చిన్నాన్న అట్లాగే ఎక్కాడు. టార్పాలిను కట్టాడు, టైర్లు విప్పాడు, బండి కిందే పడుకున్నాడు. తిండి, బత్తా తప్ప జీతం లేదు. స్టీరింగు మీద చెయ్యి వెయ్యనిచ్చింది ఐదో ఏట. తనతోపాటు ఎక్కిన ఓనరు బావమరిదికి ఆరు నెలలకే ఇచ్చారు. ఆ నాలుగేళ్లు ఫీజు కాక మరేమిటి?

అప్పు తప్పకపోతే అమ్మ డ్వాక్రా గ్రూపులో తీసుకోవడం ఆసామి దగ్గర ప్రోనోటు రాయడం కంటే మేలు. అయితే కొడుకు కిస్తీ ఎగ్గొడితే మాట పడేది గ్రూపులోని పది మంది ఆడవాళ్లు. ఈ సంగతి మన మగపిల్లలకు ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. పుస్తెలు మాత్రం తాకట్టు పెట్టొద్దు.

ఆ ఓనరు కాగితం గురించి ఇంకో మాట. బయానా ఇచ్చి, దానికి బదులు ఇంకోచోట పని చేసుకునే స్వేచ్ఛ లాక్కుంటే అది వెట్టి. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఈ మాటే చెబుతుంది, మూడేళ్ల దాకా జైలు కూడా రాసింది. మన ఊళ్లల్లో ఇట్లాంటి కాగితం మీద ఇప్పటికే వేలిముద్ర వేసినవాళ్లు సిగ్గుపడి దాచుకోవద్దు. మా దగ్గరికి రండి.

ఇదంతా మన జేబు సంగతి. సర్కారు జేబు సంగతేంటి? ఎస్సీ కార్పొరేషను 1974 నుంచి ఉంది. ఉపప్రణాళికకు 2013లో చట్టమే వచ్చింది. బండికి సబ్సిడీ అంటే ఫోటోలు దిగుతారు, తోలడం నేర్పడానికి అంటే ఫైలు కదలదు. తోలడం రానివాడి పేరున బండి ఇస్తే అది ఎవరి పెరట్లోకి పోతుందో మనం చూడలేదా? కేంద్రం 2020-21లో పీఎం దక్ష్ పథకం పెట్టి ఎస్సీలకు శిక్షణ ఉచితమంది. మన జిల్లాలో ఈ ఏడాది ఆ జాబితాలో హెవీ డ్రైవింగు ఉందా, లేదా? లేకపోతే ఎందుకు లేదు? శిక్షణ 30 రోజులంటే 30 రోజుల కూలి పోతుంది. కాబట్టి ఫీజు ఒక్కటే ఇస్తే చాలదు, ఆ నెల తిండి ఖర్చు కూడా కార్పొరేషనే పెట్టాలి. ఇది మన డిమాండు.

వచ్చే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సులో కార్పొరేషను ఇ.డి.కి అర్జీ ఇస్తున్నాం. హెవీ నేర్చుకోవాలనుకునే పిల్లలు కులధృవీకరణ పత్రం, ఆధార్, ఉన్న లైసెన్సు జిరాక్సులు రెండేసి తెచ్చుకోండి. అమ్మలు కూడా రావాలి. మొదటి బస్సుకే బయల్దేరండి, పది గంటలకు గేటు దగ్గర కలుద్దాం. ఆ పిల్లవాడి కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, సంతకం పెట్టలేదు. పేర్లు కొట్టేసి దాని జిరాక్సు కూడా అర్జీకి కుడుతున్నాం.

జై భీమ్.