సరకు రవాణా - పటముల సాఫ్ట్‌వేరు

ఒంగోలు, గిద్దలూరు, మార్కాపురము త్రోవలకు కూడలియైన మన బేస్తవారిపేటలో లారీ యజమానులకు, పలకల వర్తకులకు నేడు తేల్చుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు. త్రోవను, వేళను, డీసెలు వ్యయమును ముందుగనే లెక్కగట్టు పటముల సాఫ్ట్‌వేరును సరకు రవాణాలో చేర్చుకొనవలయునా, వలదా? తరములనుండి నడచిన త్రోవకు పటమెందులకని కొందరందురు. చేర్చుకొననివారు వెనుకబడుదురని మరికొందరు. రెండు మాటలయందును కొంత సత్యము గలదు.

మొదట చట్టము మాట. రాష్ట్రముల నడుమ సాగు సరకునకు ఈ-వే బిల్లు 2018 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. సాధారణ సరకునకు 200 కిలోమీటర్ల కొక దినము గడువని 2021 జనవరి 1 నుండి నిర్ణయించిరి. ఆ దూరమును పిన్‌కోడులనుబట్టి గణకయంత్రమే కట్టుచున్నది. గడువు మీరినచో బండి నాపి దండనము విధింపవచ్చును. కావున మనము పటమును లెక్కింపకున్నను పటము మనలను లెక్కించుచునే యున్నది. అట్టి లెక్కను మనము నేర్వకుండుట వివేకము గాదు.

అయినను పటమే సర్వజ్ఞము గాదు. సామాన్యముగా ఫోనులో కనబడు పటము కారును తలంచి త్రోవ చెప్పును. లారీ బరువు, ఎత్తు దానికి పట్టవు. నంద్యాలకు పోవు నల్లమల కనుమలో నిండుబండి యెంత మెల్లగా ఎక్కునో డ్రైవరు నడుగుడు. పది మైళ్లు తగ్గునని గతుకుల బాట పట్టించినచో, మిగిలిన డీసెలు కంటె పగిలిన పలకల నష్టమే యెక్కువ కావచ్చును.

ఇక స్వత్వము మాట. 1767లో కుంఫిణీవారు సర్వే శాఖను నెలకొల్పినది మన బండ్ల కొరకు గాదు. తమ సేనల కొరకు, శిస్తు కొరకు. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను పటములు గీయుటకు దేశీయ సంస్థలు అనుమతుల కై వేచియుండవలసి వచ్చెను. ఆ సంకెల 2021 ఫిబ్రవరి 15వ తేదీ మార్గదర్శకములతో సడలినది. ఇట్లు వచ్చిన స్వేచ్ఛను మన త్రోవల జ్ఞానమును పరాధీనము చేయుటకు వినియోగింపరాదు.

కావున మా యభిప్రాయ మిది: చేర్చుకొనవలసినదే, కాని నియమములతో. మూడు నెలలు కొలది బండ్లపై పరీక్షించి డీసెలు, వేళ, పగులుబాటు లెక్కలను డ్రైవరు చిట్టాతో సరిచూడవలెను. ఒక్క లారీ గల చిన్న యజమానులు కూటమిగా చేరి ఖర్చును పంచుకొనవలెను. మన లెక్కలు మనకే చెందునని, ఎప్పుడు కోరినను తిరిగి యీయవలెనని ఒడంబడికలో వ్రాయించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యము: పటము చెప్పిన త్రోవ తప్పెనని డ్రైవరు జీతము కోయరాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము సాధారణముగా దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పని యని విధించినది. యంత్రము చెప్పిన వేళకు చేరవలెనని వాని నిద్రను హరించుట యన్యాయము, అపాయకరము కూడ.

పటము దారి చూపుగాక. పగ్గములు మాత్రము మన చేతనే యుండవలెను.