మాత్ర ఇచ్చాం, సబ్బు పెట్టామా?

ఏటా ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం. 2015లో మొదలైన ఈ కార్యక్రమంలో 1 నుంచి 19 ఏళ్ల పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. ఉపాధ్యాయులం దగ్గరుండి నమిలిస్తాం, రిజిస్టరులో రాసుకుంటాం. మంచిదే. అయితే ఆ మాత్ర కడుపులో ఉన్న పురుగులనే చంపుతుంది. రేపు గోళ్ల సందులోంచి నోటికి చేరే గుడ్లను ఆపదు. దొడ్డికి వెళ్లొచ్చిన పిల్లవాడు సబ్బు లేకుండా చేతులు తడుపుకొని మధ్యాహ్న భోజనానికి కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తాం. కొంకిపురుగు దారి వేరు, అది ఉత్తకాళ్ల చర్మంలోంచి దూరుతుంది. అందుకే చెప్పులు కూడా కావాలి.

నాగలాపురం చుట్టుపట్ల నల్లరేగడి పల్లెల్లో ఎండాకాలం నీళ్లు బిందె లెక్కన వాడతాం. అది నిజమే. కానీ చేతులు కడగడానికి చెంబెడు నీళ్లు చాలు. కాకి ఎత్తుకుపోతుందనో, పిల్లలు కరగదీస్తారనో సబ్బును బీరువాలో దాచే అలవాటు మనదే. ప్లాస్టిక్ సీసా మూతకు చిల్లు పెట్టి, సబ్బుపొడి కలిపిన నీళ్లు నింపి కుళాయికి కడితే కాకి కూడా ఏమీ చేయలేదు.

మనం అసలే మాట్లాడనిది ఇంకొకటి ఉంది. మరుగుదొడ్డి కంపు కొడుతుందనో, తలుపుకు గడియ లేదనో పిల్లలు సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు. ఆడపిల్లలైతే వెళ్లాల్సి వస్తుందని నీళ్లే తాగరు. పేగులో ఆగిన మలంలోంచి నీరు ఇంకిపోయి గట్టిపడుతుంది. నొప్పికి భయపడి పిల్ల ఇంకా బిగబడుతుంది. కొన్నాళ్లకు గట్టి మలం పక్కనుంచి పలచగా జారి బట్టలు పాడవుతాయి. ఇంట్లో దాన్ని విరేచనాలనుకొని మందు వేస్తారు, లేదా పిల్లను కొడతారు. రెండూ తప్పే. అలా బట్టలు పాడవుతుంటే డాక్టరుకు చూపించాలి.

మన పిల్లలకు మరో చిక్కు. ఒకటో తరగతి పిల్లకు ఇంట్లో 'దొడ్డికి' అన్న మాటే తెలుసు. తరగతిలో తమిళంలో అడగాలి. నోరు రాక, నవ్వుతారని భయపడి కూర్చుంటుంది. మొదటివారంలోనే ఆ మాట రెండు భాషల్లోనూ నేర్పండి టీచరమ్మా, అక్షరాలు తర్వాత నేర్పవచ్చు.

తల్లిదండ్రులకూ ఒక మనవి. వచ్చే సమావేశంలో మార్కుల కాగితం అడిగే ముందు మరుగుదొడ్డి తలుపు తీసి చూడండి. గడియ, నీళ్లు, సబ్బు ఉన్నాయా? లేకపోతే అక్కడే అడగండి. మేం నొచ్చుకోం.